ఆపద్ధర్మమునకు గడువు

ఆపద వచ్చినపుడు తలుపు మూయవలెనని యెవరును నేర్పనక్కరలేదు. వీథిలో పిచ్చికుక్క తిరుగుచున్నదనిన చిన్నపిల్లవాడు సైతము ఇంటిలోనికి పరుగెత్తి గడియ వేసికొనును. మూసిన తలుపును మరల నెప్పుడు తీయవలెను, ఎవరు తీయవలెను, ముందుగా నెవరిని బయటికి పోనీయవలెను అను ప్రశ్నలే కష్టమైనవి. వీనికి భయము సమాధానము చెప్పజాలదు. తొందరపాటును చెప్పజాలదు. ధర్మవిచారమే చెప్పవలసియున్నది.

2020వ సంవత్సరమున ఈ ప్రశ్న మన దేశమున ప్రతి గడపలోను పుట్టినది. ఆ యేడు మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటింపగా, ఆ నడిరేయి నుండియే దేశమంతయు మూతపడినది. మొదట 21 దినములనిరి. పిదప మే 3 వరకును, అటుపై 17 వరకును, చివరకు 31 వరకును పొడిగించిరి. జూన్ 8న గుళ్ళును హోటళ్ళును తెరువబడినవి. ఈ మధ్యకాలమున లాక్‌డౌను అను మాట అక్షరము రాని ముసలమ్మలకు గూడ వాడుకమాట యయ్యెను. ఇంటింట రెండు పక్షములు బయలుదేరినవి. "తీయకున్న ఆకలితో చత్తుము" అని యొకరు, "తీసిన రోగముతో చత్తుము" అని యొకరు. అన్నదమ్ములు సైతము ఈ వాదమున మాట మాట పెంచుకొనుట నేనెరుగుదును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఆ యత్యవసర స్థితి ముగిసినదని చెప్పినది. నాటి కోపతాపములు చల్లారినవి. చల్లారిన పిమ్మటనే ఇట్టి ప్రశ్నను నిదానముగ పరిశీలింప వీలగును. మహమ్మారులు ఒక్కమారు వచ్చి యూరకుండునవి కావు. మరల వచ్చునాడు మనము మరల ఇదే గడపకడ నిలిచి, ఇదే వాదమును మొదటి నుండి ఆరంభింపరాదు గదా!

మా వీథి మొగలో ఒక దర్జీ కలడు. బడిపిల్లల దుస్తులు కుట్టుటయే అతని ముఖ్యజీవనము. బడులు తెరుచు ముందు రెండు మూడు నెలలలో వచ్చు కూలియే యేడాదిలో తక్కిన కాలమంతయు ఆ కుటుంబమును నడుపవలెను. 2020 మే నెలలో ఒకనాటి యుదయమున నేను కూరగాయలకై పోవుచుండగా, మూసిన కొట్టు మెట్టుపై కూర్చుండియున్న యతడు లేచి, దూరముగనే నిలిచి, "మాస్టారూ, ఎప్పుడు తీస్తారంటారు?" అని యడిగెను.

నేను పత్రికలలో చదివిన సంఖ్యలు చెప్పితిని. రోగము పెరుగుచున్నదనియు, మరి రెండు మాసములు మూసియుంచుటయే క్షేమమనియు, బ్రతికియున్న బలుసాకు తినవచ్చుననియు అంటిని.

అతడు నొచ్చుకొనలేదు. "బలుసాకైనా కొనుక్కోవాలి గదండీ. మీకు బడి మూసినా జీతం వస్తుంది. నాకు కొట్టు తీస్తేనే కూలి. మీరు చెప్పింది తప్పని నేననను. కాని ఆ రెండు నెలలూ మీరు చెబుతున్నారు, నేను పడుతున్నాను" అనెను.

ఆ మాటకు నాకు బదులు దొరకలేదు. ఆ దినములలో మా జీతములో సగము నిలిపివేసి పిమ్మట చెల్లించిన మాట నిజమే. కాని సగము జీతమైనను జీతమే. ఇంటికి వచ్చి ఆలోచింపగా నాకు మరియొకటి తోచినది. నా తల్లి ఉబ్బసరోగిణి. మూసియుంచవలెనన్న నా వాదములో కొంత జ్ఞానమున్నను, కొంత నా తల్లిని గూర్చిన భయమే. ఆ భయమునకు వెల యా దర్జీ చెల్లించుచుండెను. చెల్లించుచున్నవానికి నేను నీతి చెప్పివచ్చితిని.

ఈ వాదమును నాడు చాలమంది "ప్రాణమా, ధనమా?" అను ప్రశ్నగా మార్చిరి. ఇది తప్పు ప్రశ్న. ధనమనగా ధనవంతునకు నిలువ. దర్జీకి అది ఆ రాత్రి యన్నము, ముసలితండ్రి మందుబిళ్ల. కావున తీయుమని యడుగువాడు ధనమును ప్రాణముకంటె నెక్కువగ నెంచినాడనుట అన్యాయము. అతడును ప్రాణమునే యడుగుచున్నాడు. అటులనే, "నా ప్రాణము నా యిష్టము, నన్ను పోనిండు" అను వాదమును నిలువదు. జాన్ స్టూవర్టు మిల్లు 1859లో ప్రకటించిన స్వేచ్ఛావిషయక గ్రంథమును కళాశాలలో చదువుకొనినవారు దానిలో మొదటి సగమునే జ్ఞాపకముంచుకొందురు. ఒకని స్వేచ్ఛ నరికట్టుటకు ఆ మహాశయు డంగీకరించిన కారణ మొక్కటి కలదు, అది పరులకు కలుగు హాని. అంటురోగమునందు నా యూపిరి నాది మాత్రమే కాదు. అది నా పొరుగువాని రొమ్ములోనికి పోవును. నేను తెచ్చుకొను ప్రమాదమును నేనొక్కడనే యనుభవింపను.

ఇట్లు రెండు పక్షములందును ప్రాణమే కలదు. ఒక ప్రాణము కంటికి కనబడునట్లు ఆస్పత్రిలో పోవును, లెక్కకు వచ్చును. మరియొకటి కొంచెముకొంచెముగ, లెక్కకందక, ఇంటి మూలలో క్షీణించును. ధర్మమెరిగినవాడు లెక్కలేనిదానిని లేనిదానిగ నెంచరాదు.

ఇక సంఖ్యల మాట. దేశము మూతపడిన నాటికి మన దేశమున గుర్తింపబడిన రోగులు అయిదువందల పైచిలుకు. గుళ్ళు తెరచిన జూన్ 8 నాటికి ఆ మొత్తము రెండున్నర లక్షలు దాటెను. వందలున్నపుడు మూసి, లక్షలున్నపుడు తీయుట యేమి వివేకమని నాడు పరిహసించినవారు కలరు. నేనును వారిలో నొకడనే. పిమ్మట విచారింపగా నా పరిహాసము తొందరపాటని తెలిసినది. మూయుటవలన రోగము చచ్చునని వైద్యులెవరును చెప్పలేదు. మూయుట కాలమును కొనుట మాత్రమే. పడకలు, పరీక్షలు, వైద్యులకు రక్షణవస్త్రములు సమకూర్చుకొనుటకు వలయు కాలమది. కొన్న కాలము వినియోగమైన పిదప మూత నిలుపుట కర్థము లేదు. వినియోగము కాకయే తీసిన నాడు మూసినందుకు ఫలము లేదు. కావున "రోగులెందరు?" అను ప్రశ్న యొక్కటి చాలదు. "మూసి యేమి సాధించితిమి?" అనియు నడుగవలెను.

మన శాస్త్రకారులు ఆపద్ధర్మమని యొక విభాగమును కల్పించిరి. మహాభారతమున శాంతిపర్వములో దాని కొక యుపపర్వమే కలదు. అందలి విశ్వామిత్రుని కథ యెల్లరు నెరిగినదే. పండ్రెండేండ్ల యనావృష్టి. ఆకలిచే కృశించిన ఋషి చండాలవాటికలో ప్రవేశించి కుక్కమాంసమును దొంగిలింపబోవును. ఇంటివాడు మేలుకొని, అది తగదని ఋషికే ధర్మము బోధించును. ఋషి ప్రాణరక్షణమును చూపి వాదించును. ఈ కథలో ధర్మమును జ్ఞప్తికి దెచ్చినవాడు చండాలుడని మన పండితులు తరచుగ మరతురు. నా కిచట ముఖ్యమైన దింకొకటి. వానలు కురిసిన పిదప ఆ యాహారము ఋషికి నిత్యవిధి కాలేదు. ఆపద్ధర్మమునకు ప్రాణము ఆపదయే. ఆపద తొలగినపుడు ఆ ధర్మమును తొలగవలెను. గడువు లేని ఆపద్ధర్మము ధర్మము కాదు. అది మరియొక పేరు పెట్టుకొనిన అధర్మము.

గడువు మరచిన కట్టడి యెట్లు మారునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మన భాషలో అంటువ్యాధి అన్న మాటలోను, అంటరానితనము అన్న మాటలోను ఉన్నది యొక్కటే క్రియ. 2020లో రోగి నంటరాదన్న కట్టడికి 14 దినముల మితి యుండెను. పుట్టుక ననుసరించి మనిషి నంటరాదన్న కట్టడికి మన పూర్వులు మితి పెట్టలేదు. అది తరములు గడచినను పోలేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము దానిని నిషేధించిన తరువాతను మన బావులకడ, గుళ్ళకడ మిగిలియేయున్నది. రోగము నాటి దూరమును "సామాజిక దూరము" అని తెలుగు పత్రికలు వ్రాయగా, ఆ మాట వలదు, "భౌతిక దూరము" అనుడని కొందరు కోరిరి. వారు మాటలకై కలహించువారని నేను మొదట తలచితిని. కాని ఆ దూరము నిదివరకే అనుభవించియున్నవారి చెవికి ఆ మాట యెట్లు వినబడునో వారెరుగుదురు. భయముతో పుట్టిన యెడము అలవాటుగ స్థిరపడునని వారికి పుస్తకము చూచి తెలియవలసిన పని లేదు.

మూయుటలోను తీయుటలోను పూర్వులు చేసిన పొరపాటులు మన కెదుటనే కలవు. 1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపగా, 1897లో అంటురోగముల చట్టము చేయబడినది. బహు చిన్న చట్టమది. దానిలో ప్రభుత్వమున కధికారము కలదు గాని, ఆ యధికార మెప్పుడు ముగియునో చెప్పు మాట లేదు. ఆ యేటనే పూనాలో సైనికులు ఇండ్లలో జొరబడి రోగులను వెదకిరి, కుటుంబములను వేరు శిబిరములకు తరలించిరి. జనులు రోగులను దాచసాగిరి. ప్లేగు అధికారియైన ర్యాండును జూన్ 22 రాత్రి చాపేకరు సోదరులు కాల్చిరి. హత్యను సమర్థింపనక్కరలేదు. నమ్మకము లేని కట్టడి రోగమును బయట పెట్టుటకు మారుగ దాచిపెట్టునని మాత్రము గ్రహింపవలెను. 2020లోను మన ప్రభుత్వములు ఆ 1897 చట్టమునే బయటికి దీసినవి.

రెండవ పొరపాటు తీయుటను పండుగగా నెంచుట. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము లోకమంతయు వ్యాపించి, మన దేశమునందే కోటిమందికి పైగా బలిగొనినది. ఆ కాలమున అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ముఖముసుగులు విధించిరి. నవంబరు 21న మిట్టమధ్యాహ్నము కూత వేయగానే జనులు వానిని తీసి వీథులలో పారవైచి సంబరపడిరి. కొన్ని వారములలోనే రోగము తిరుగబెట్టినది. జనవరి 17న ముసుగులు మరల విధింపవలసివచ్చినది. ఈమారు వానికి వ్యతిరేకముగ నొక సంఘమే వెలసినది. ఒకమారు ముగిసినదని చెప్పి మరల మొదలుపెట్టిన కట్టడిని జనులు మొదటివలె నమ్మరు.

2020 ఏప్రిల్‌లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సడలింపునకు ఆరు షరతులు చెప్పినది. రోగవ్యాప్తి అదుపులో నుండవలెను. ప్రతి రోగిని కనుగొని, పరీక్షించి, వేరుపరచి, చికిత్స చేయు శక్తి యుండవలెను. ఆస్పత్రులు, వృద్ధాశ్రమములు వంటి చోట్ల ముప్పు తగ్గవలెను. పనిచోట్లను, బడులలోను జాగ్రత్తలు ఏర్పడవలెను. వెలుపలినుండి వచ్చు రోగమును పట్టు నేర్పుండవలెను. ప్రజలు క్రొత్త పద్ధతిని గ్రహించి సిద్ధపడియుండవలెను. ఇందులో నొక్కటియు తేదీ కాదు. అన్నియు షరతులే. మన కట్టడి మాత్రము తేదీలతో నడచినది. తేదీ వచ్చినపుడెల్ల ఇంకొక తేదీ చెప్పబడినది. మిరప కోతలకు మన జిల్లాలకు వచ్చి చిక్కుకొనిన పరరాష్ట్రపు కూలీలకు ఏ తేదీని నమ్మవలెనో తెలియలేదు. కొందరు నడచియే పోయిరి. వలసకూలీలకై మొదటి ప్రత్యేక రైలు హైదరాబాదు ప్రక్కనున్న లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హతియాకు బయలుదేరినది మే 1న. మూసిన రాత్రికిని ఆ రైలునకును నడుమ అయిదు వారములు.

కొన్న కాలమంతయు వ్యర్థమైనదనుట న్యాయము కాదు. 2020 జనవరిలో ఈ రోగమును పరీక్షింపగల ప్రయోగశాల పూనాలో నొక్కటి యుండగా, జూన్ చివరకు అట్టివి వేయి దాటినవి. అయినను మరుసటి యేడు ఏప్రిల్, మే మాసములలో రెండవ కెరటము వచ్చి, దినమునకు నాలుగు లక్షలకు పైగా క్రొత్త రోగులు తేలినపుడు, ఆక్సిజనుకై జనులు నగరములెల్ల తిరుగుట మనము చూచితిమి.

ఇక తీసిన వరుసను గూర్చి నాలుగు మాటలు. ఏ వరుసలో తెరచితిమో చూచిన, మన మే విలువలతో బ్రదుకుచున్నామో తెలియును. ఆంధ్రప్రదేశములో మద్యపు దుకాణములు 2020 మే 4న, ధరలు పెంచి, తెరువబడినవి. తెలంగాణమున మే 6న. ఆంధ్రప్రదేశములో తొమ్మిది, పది తరగతులు తెరచినది నవంబరు 2న. తెలంగాణమున 2021 ఫిబ్రవరి 1న. తెలంగాణమున ప్రాథమిక తరగతుల పిల్లలు బడిలో నడుగుపెట్టినది 2021 సెప్టెంబరు 1న. పసిపిల్లల బడిని తెరచుటలో ముప్పు లేదని నేననను. మద్యపు వరుసలో త్రోపులాడుకొనినవారి నడుమ లేని ముప్పు పలక పట్టిన పిల్లవానియొద్ద నెట్లు వచ్చెనని మాత్రము అడుగుచున్నాను. మద్యము ఖజానాకు రాబడి తెచ్చును. ఆరేండ్ల బిడ్డ రాబడి తేదు, ఓటు వేయదు, సభ కూర్చి యరవదు.

దీని ఫలము లెక్కలలోనే కలదు. దేశమున మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో నూటికి 27.3 మంది యని అసర్ నివేదిక చెప్పుచున్నది. 2022లో అది 20.5కు పడిపోయినది. ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు జీతములు పోయి కూరగాయలమ్ముకొనిరి. వారికి తెలంగాణ ప్రభుత్వము నెలకు 2000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇత్తునని ప్రకటించినది 2021 ఏప్రిల్‌లో. అప్పటి కొక సంవత్సరము గడచినది.

నేనును నిర్దోషిని కాను. బడి తెరువవలెనన్న మాట వచ్చినపుడెల్ల నా తల్లిని తలచుకొని, "ఇప్పుడే వలదు" అన్న ఉపాధ్యాయులలో నేనొకడను. ఫోనులో పాఠము చెప్పితిమి. ఫోను లేని పిల్లల పేర్లు హాజరుపట్టీలో నుండెను, వారు మాత్రము లేరు. తరువాత బడి తెరచినపుడు నా తరగతిలో ఒక బాలిక రాలేదు. లెక్కలలో చురుకైన పిల్ల. కబురు పంపగా, ఆమెకు పెండ్లి చేసి యత్తవారింటికి పంపిరని తెలిసినది. బాల్యవివాహములకు వ్యతిరేకముగ ఎన్నియో వేదికలపై మాటలాడిన నేను, ఆ పెండ్లికి అడ్డుగోడగా నిలిచియుండిన బడిని మూసియుంచుటకు చేయెత్తినవారిలో నుంటిని. నా తల్లి క్షేమముగనే యున్నది. ఆ బాలిక చదువు ముగిసినది. ఈ రెండింటిని ఏ త్రాసున తూచవలెనో నాకు నేటికిని తెలియదు. వెల చెల్లించినది నేను కానని మాత్రము తెలియును.

దర్జీ కథ మిగిలియున్నది. 2021 మే నెలలో అతని తండ్రి కాలము చేసెను. రోగ మెట్లు సోకినదో, కొట్టునుండియో, వీథినుండియో, ఎవరికిని తెలియదు. కర్మలు ముగిసిన పిమ్మట పరామర్శకు పోయితిని. కొట్టు తెరచినందుకు పశ్చాత్తాపపడుచున్నాడేమో యని నేను లోలోపల భయపడితిని. అతడు చాలసేపు మాటలాడక, తుదకిట్లనెను: "తీయడం తప్పు కాదు మాస్టారూ. తీయకపోతే అప్పుడే పోయేవాడేమో. కాని ఆక్సిజను మంచం కోసం మూడు రోజులు తిరిగాం. పోయినేడు మేం కొట్లు మూసుకున్నది ఈ మంచాల కోసమేనని గదా మీరంతా చెప్పారు. నా కూలితో కొన్న కాలం అండీ అది. దాంతో ఏం చేశారు?"

ఏ సభలోను నేను వినిన ప్రశ్నలలో నింతటి న్యాయమైనది లేదు. మూసియుండుట కూడ నొక పనియే. లోకక్షేమమునకై తన పని మానుకొనిన మనిషి లోకమునకు కొలువు చేయుచున్నాడు. ఆ కొలువునకు కూలి యిచ్చుట దయ కాదు, ఋణము తీర్చుట. ఆ కూలి చెల్లింపక, "ఇంకను మూసియుండుము" అని చెప్పు నధికారము రక్షింపబడుచున్న మనకు లేదు. అటులనే, కూలి పుచ్చుకొని కాలమును కొనియిచ్చినవానికి ఆ కాలమును వ్యయపరచిన లెక్క చెప్పకుండుటయు తగదు.

కావున నాకు తోచిన నిర్ణయమిది. మరల నట్టి దినము వచ్చినపుడు, తలుపు మూయుదినముననే దానిని తీయు షరతులు బహిరంగముగ చెప్పవలెను. ఆ షరతులు తీరినవో లేదో వారమువారమును ప్రజలకు లెక్క చూపవలెను. మూతవలన కూలి పోవువానికి ఆ కూలి మొదటి వారమునుండియే చేరవలెను. తీయునపుడు రాబడి ననుసరించి కాక, మూయబడినందున ఎవరి జీవితము మరల పూడ్చరాని నష్టము పొందునో వారికి ముందుగ తెరువవలెను. అందులో బడికి మద్యపు దుకాణము తరువాతి స్థాన మెన్నడును ఉండరాదు. ఇవి జరిగిన పిదప కూడ తీయుటయో మానుటయో యన్న సందేహము మిగులవచ్చును. కాని అది యప్పుడు సమానులు కలిసి తీర్చుకొను సందేహమగును. ఒకడు చెప్పి యొకడు పడునది కాజాలదు.

పాఠకమహాశయులలో జీతములవారు, ఫించనులవారు, ఇంట ధాన్యము నిలువగలవారు పెక్కురుందురు. మూయవలెనని మీరు వాదింపవచ్చును. ఆ వాదము సరియైనదే కావచ్చును. వాదించుటకు ముందు మీ వీథి మొగలోనున్న మూసిన కొట్టు మెట్టుపై నెవరు కూర్చుండిరో చూచి, ఆ నెల వారింట పొయ్యి యెట్లు వెలుగుచున్నదో యడిగి రండు.